ఉద్యోగస్థులు వ్రాసిన తెలుగు కథ

మన సమాజము ప్రత్యేక సంచికను వెలువరింప సంకల్పించినప్పుడెల్ల సంపాదకులకు వినబడు సమాధానమొకటి కలదు: “వ్రాయవలెననియే ఉన్నదండీ, తీరిక ఏదీ?” రాత్రి డ్యూటీలు, బదిలీ ఉత్తరువులు, పిల్లల చదువులు, వృద్ధులైన తలిదండ్రుల సేవ, వీని నడుమ కథ వ్రాయుట ఎట్లని అడుగువారి మాటలో అసత్యమేమియు లేదు. కాని చరిత్ర చెప్పు సమాధానము వేరు. ఆధునిక తెలుగు కథాసాహిత్యములో అధికభాగము తీరికగలవారు వ్రాసినది కాదు. బడిపంతుళ్ళు, సంస్థానోద్యోగులు, న్యాయవాదులు, కళాశాల ఉపన్యాసకులు, రేడియో ఉద్యోగులు, నౌకాదళ కార్యాలయములలో పనిచేసినవారు వ్రాసినది. వారికి ఉద్యోగము ఏమి ఇచ్చినది, ఏమి తీసికొన్నది, ఉద్యోగము విడిచి కలముపైననే బ్రతుకబూనిన వారికి ఏమి జరిగినది, ఈ విషయములను క్రమముగా పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట మన ఊరి సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1891 నాటికి నాగపూరు నుండి బిలాస్‌పూరు మీదుగా ఆసనసోలు వరకు దారి పూర్తియైనది. తూర్పుతీరపు మార్గములో వాల్తేరునకు ఉత్తరమునగల భాగము 1902లో ఈ కంపెనీకి సంక్రమించినది. విజయనగరము, రాయపూరుల నడిమి దారి 1931లో పూర్తియైనది. ఈ పట్టాల వెంటనే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు ఈ కోసలదేశమునకు తరలివచ్చినవి. 1944 అక్టోబరు 1వ తేదీన కంపెనీ ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 2003లో బిలాస్‌పూరే కేంద్రస్థానముగా ఆగ్నేయ మధ్య రైల్వే పని ప్రారంభించినది. కంపెనీ కొలువున చేరినవారి మనుమలు నేడు కేంద్రప్రభుత్వోద్యోగులై రైల్వే కాలనీలలోను, మంగ్లా వంటి పేటలలోను కాపురములున్నారు. ఇచ్చట తెలుగు మొదటి నుండియు జీతముతో కలిసియే బ్రతికినది. కావున జీతము, రచన అను రెండింటి పొత్తు మనకు పరాయి విషయము కాదు.

ఈ పొత్తునకు మన ఇరుగుననే ప్రసిద్ధమైన దృష్టాంతమొకటి కలదు. బిలాస్‌పూరు నుండి కట్నీ పోవు దారిలో పెండ్రా రోడ్ స్టేషను మనలో అనేకులకు పరిచితమే. పందొమ్మిదవ శతాబ్దాంతమున మాధవరావు సప్రే అను మహారాష్ట్ర యువకుడు పెండ్రా రాజకుమారునకు ఆంగ్లము బోధించుటకై కుదిరెను. ఆయన బాల్యవిద్య కొంత బిలాస్‌పూరులోనే జరిగినది. 1900 జనవరిలో ఆయన పెండ్రా నుండి ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ అను హిందీ మాసపత్రికను మిత్రుల తోడ్పాటుతో స్థాపించెను. పగలు పాఠములు, రాత్రి పత్రిక. 1901లో ఆ పత్రికలోనే ‘ఏక్ టోక్రీ భర్ మిట్టీ’ అను ఆయన చిన్నకథ వెలువడినది. జమీందారు తన మేడ విస్తరించుటకై ఒక అనాథయగు వృద్ధ వితంతువు గుడిసెను లాగికొనుట అందలి ఇతివృత్తము. హిందీలో మొదటి కథ ఇదియేనని పలువురు విమర్శకులు భావింతురు. ట్యూటరు ఉద్యోగములోనున్న వ్యక్తి, మారుమూల అడవిసీమలో, తీరిక వేళలో వ్రాసిన కథ ఒక మహాభాష యొక్క కథాచరిత్రకు ఆరంభముగా లెక్కింపబడుచున్నది. పత్రిక మాత్రము మూడేండ్లకు మించి నిలువలేదు; 1902తో ఆగిపోయినది. కథ నిలిచినది. ఈ రెండు సంగతులను జ్ఞాపకముంచుకొని తెలుగుదేశమునకు పోవుదము.

తెలుగు నవలకు ఆద్యుడైన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఉపాధ్యాయులు. ‘వివేకవర్ధని’ పత్రికను 1874లో ప్రారంభించునాటికి ఆయన ధవళేశ్వరములో బడిపంతులు. 1878లో ఆ పత్రికలోనే ‘రాజశేఖర చరిత్రము’ భాగములుగా వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చినది. నేడు మనము సీరియలు అని పిలుచు పద్ధతి తెలుగున ఆ విధముగా ఆరంభమైనది. ఉద్యోగస్థుడైన రచయితకు ఇది ఎంతయు అనుకూలమైన పద్ధతి. మొత్తము గ్రంథము ఒక్కసారి పూర్తిచేయుటకు వానికి కాలము చిక్కదు. నెలకొక ప్రకరణము మాత్రము వ్రాయగలడు. ముద్రణ తేదీ దగ్గరపడుచుండుట వానిని బలవంతముగా బల్లముందు కూర్చుండబెట్టును. పంతులుగారికి పత్రికయు తనదే, ముద్రణాలయమును తనదే అగుటచే ఆ నిర్బంధము తాను స్వయముగా కల్పించుకొన్నదే.

గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానోద్యోగి. కళాశాలలో బోధకుడుగాను, సంస్థానపు శాసనపరిశోధకుడుగాను పనిచేసి, 1897లో ఆనందగజపతి మహారాజు మరణించిన పిమ్మట ఆయన సోదరియగు రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శియై, సంస్థానపు వ్యాజ్యముల భారము చాలకాలము మోసిరి. ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చైనది, సమూలముగా తిరుగవ్రాసిన రెండవ కూర్పు 1909లో వెలువడినది. ఆ రెండు కూర్పుల మధ్య పండ్రెండేండ్లు గడచినవి. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో ప్రకటితమైన ‘దిద్దుబాటు’తో ఆధునిక తెలుగు కథ కొత్త మార్గము త్రొక్కినదని చెప్పుట వాడుక. అప్పటికి ఆయనకు దాదాపు నలువదియెనిమిదేండ్లు. 1913లో పదవీవిరమణ చేసి, 1915లో దివంగతులైరి. ఉద్యోగబంధము వీడిన పిదప ఆయనకు దక్కినది రెండేండ్ల కాలము మాత్రమే. “రిటైరైన తరువాత తీరికగా వ్రాయుదును” అనుకొనువారందరు ఈ లెక్కను ఒకసారి వేసికొనవలెను. ఆయన ఆవిధముగా ఆగియుండినచో తెలుగువారికి గిరీశము లేడు, మధురవాణి లేదు.

ఉద్యోగము కాలమును తీసికొనును, నిజమే. కాని బదులుగా ఇచ్చునది కూడ కలదు. విశాఖపట్టణమున న్యాయవాదవృత్తిలోనుండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారికి కోర్టు ఆవరణయే కథల గనియైనది. మద్యనిషేధచట్టము పేదవానిని, పోలీసును, వకీలును ఏవిధముగా మార్చినదో ‘ఆరు సారా కథలు’ చెప్పినట్లు చెప్పుట కోర్టులో నిలువని రచయితకు సాధ్యము కాదు. ఆయన ‘అల్పజీవి’ నవలలోని సుబ్బయ్య భయస్థుడైన గుమాస్తా. అట్టి సుబ్బయ్యలు మన ఆఫీసులలో లేరా? ఫైలు చేతబట్టుకొని అధికారి తలుపు ముందు నిలుచున్నప్పుడు మనలో ప్రతివాడును కొంతసేపు సుబ్బయ్యయే.

కళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచుండిన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ను రైల్వేవారమైన మనము ప్రత్యేకముగా స్మరింపవలెను. ఆ కథ రైలుపెట్టెలో ప్రారంభమై, తుపాను రాత్రి ఒక చిన్న స్టేషనులో నడచును. నియమములే జీవితమని నమ్మిన పెద్దమనిషి ఒకరు, బిచ్చగత్తె యొకతె, వారిరువురి మధ్య ఆ రాత్రి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో 1952లో ఆ కథకు రెండవ బహుమతి లభించినది. ప్రపంచ కథావేదికపై తెలుగు పేరును నిలిపిన ఆ రచన ఒక కళాశాల ఉపన్యాసకునిది; దాని రంగస్థలము వెయిటింగు రూము. అటువంటి గదుల ముందుగా రోజునకు పదిసార్లు నడచు మనకు అందులో కథ కనబడకపోవుట గదుల దోషము కాదు.

కేంద్రప్రభుత్వోద్యోగులలో ఇద్దరిని పేర్కొనుట ఉచితము. బుచ్చిబాబుగారు, అనగా శివరాజు వెంకట సుబ్బారావుగారు, ఆంగ్లోపన్యాసకులుగా పనిచేసి, 1945లో ఆకాశవాణిలో చేరి, 1967లో మరణించువరకు ఆ కొలువుననే ఉండిరి. ‘చివరకు మిగిలేది’ 1946, 1947 సంవత్సరములలో ‘నవోదయ’ పత్రికలో సీరియలుగా వెలువడినది. అనగా కొత్త ఉద్యోగపు తొలిదినములలోనే. బలివాడ కాంతారావుగారు నౌకాదళ సంస్థలో పౌరోద్యోగిగా ఉండి, కథలు నవలలు ఎడతెగక వ్రాసిరి. వారి కథాసంపుటికి 1998లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. వీరెవ్వరును ఉద్యోగమును శాపముగా ఎంచి వ్రాసినవారు కారు. నెలజీతము ఇంటిని నడుపుచుండుటచే, సంపాదకుడు ఏమి కోరునో, పాఠకుడు దేనికి చప్పట్లు కొట్టునో అను చింత లేక తమకు తోచినది వ్రాయగలిగిరి. జీతము వారి కలమునకు కంచెయైనది.

అయితే ప్రభుత్వపు కొలువులో రచయితకు వేరొక భయము కలదు. ప్రేమ్‌చంద్ ఉదాహరణము ప్రసిద్ధము. విద్యాశాఖలో ఉద్యోగిగా ఉండి నవాబ్‌రాయ్ అను పేరుతో ఉర్దూలో ఆయన వ్రాసిన ‘సోజ్-ఎ-వతన్’ కథాసంపుటి 1908లో వెలువడినది. అది రాజద్రోహకరమని పై అధికారులు ఆగ్రహించి, ప్రతులను స్వాధీనము చేసికొని తగులబెట్టించిరి. ఆ పిమ్మట రచయిత పేరు మార్చుకొనెను. ఆ మారుపేరే ప్రేమ్‌చంద్. తెలుగున ‘బీనాదేవి’ అను పేరు వెనుక నుండినది దంపతులు: భాగవతుల త్రిపురసుందరమ్మగారు, న్యాయాధికారియైన వారి భర్త నరసింగరావుగారు. కలముపేరు ఉద్యోగస్థునికి అలంకారము మాత్రమే కాదు, ఒక్కొకప్పుడు గొడుగు.

స్వతంత్రభారతమున ఈ భయము చాలవరకు తగ్గినది. 1964 నాటి కేంద్ర పౌరసేవల ప్రవర్తన నియమావళి, 1966 నాటి రైల్వే సేవల ప్రవర్తన నియమావళి, రెండును సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనిని ఉద్యోగి అప్పుడప్పుడు చేసికొనుటకు ముందస్తు అనుమతి అక్కరలేదని చెప్పుచున్నవి. విధినిర్వహణకు భంగము కలుగరాదనునది షరతు. ‘అప్పుడప్పుడు’ అను ఆ చిన్నమాటను గమనింపుడు. ప్రభుత్వము తన మేలు కొరకు వ్రాసికొన్న ఆ మాటలోనే రచయిత సమస్య అంతయు ఇమిడియున్నది. రచనను నిజముగా అప్పుడప్పుడు చేసినవాడు రచయిత కాజాలడు. నిత్యము చేసినవాడు ఆఫీసునకు ద్రోహము చేయకుండ చేయవలెను. ఈ సన్నని దారిపైననే పైన చెప్పిన వారందరు నడచిరి.

ఇక ఉద్యోగము లేక, లేదా ఉన్నదానిని విడిచి, కలముపై బ్రతుకబూనినవారు. మహావీరప్రసాద ద్వివేది మనవంటి రైల్వే ఉద్యోగియే. తంతి విద్య నేర్చి కొలువున ప్రవేశించి, ఝాన్సీ కార్యాలయమున మంచి హోదాకు వచ్చెను. 1903లో ‘సరస్వతి’ పత్రికకు సంపాదకుడై, మరుసటి యేడు రైల్వే ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, అంతకంటె ఎంతో తక్కువ ఆదాయముతో హిందీ గద్యమును తీర్చిదిద్దెను. ప్రేమ్‌చంద్ 1921లో గాంధీజీ పిలుపునందుకొని ఉద్యోగము వదలెను. తరువాత నెలకొల్పిన ముద్రణాలయము, 1930లో ప్రారంభించిన ‘హంస్’ పత్రిక ఆయనను అప్పులలో ముంచినవి. 1934లో బొంబాయి చలనచిత్రరంగమునకు పోవలసివచ్చినది. తెలుగున శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఏ సర్కారు కొలువును చేయక, రాజమహేంద్రవరమున ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపి, కథను బ్రతుకుగా చేసికొనిరి. ఆ బ్రతుకు ఎంత కష్టమైనదో వారి ఆత్మకథ చదివినవారికి తెలియును. కొడవటిగంటి కుటుంబరావుగారు ఇంకొక మార్గము కనుగొనిరి. 1952 నుండి 1980లో మరణించువరకు ‘చందమామ’లో పనిచేయుచు, ఉద్యోగమునే రచనకు పొరుగింట నిలిపిరి. మన పిల్లలు చదివిన చందమామ కథలలో ఎన్నింటిపైననో ఆయన పేరుండదు. జీతము మాత్రము ఉండినది. తన పేరుతో వ్రాయవలసినవి వేరుగా వ్రాసికొనిరి. పద్మరాజుగారు కూడ 1950లలో ఉపన్యాసకవృత్తి వీడి మదరాసు సినిమారంగమున స్థిరపడిరి.

తెలుగున కథారచన నిజముగా ఆదాయమార్గమైనది 1960లు మొదలు 1980ల వరకు, వారపత్రికల సీరియళ్ళ కాలమున. ఇంటింట గ్రంథాలయము వంటి పథకములు తక్కువ ధరకు నవలలను తపాలాద్వారా ఇండ్లకు చేర్చినవి. తెలుగుదేశమునకు వెలుపలనున్న మనవంటి వారికి రైలు దిగు పత్రికల కట్టయే మాతృభాష రాకడ. ఆ కాలమున పాఠకుల ఆదరమును విశేషముగా చూరగొన్నవారు స్త్రీలు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరి’ నవలలో నాయిక ఉద్యోగము చేయు యువతియగుట గమనింపదగినది. గృహిణులైన రచయిత్రులకు ఉద్యోగములేదని మనము అనుకొందుము. వారి పనికి సెలవులేదు, పదవీవిరమణ లేదు. వంటయింటి పని ముగిసిన పిమ్మట వ్రాసిన ఆ నవలలే పత్రికల ప్రచారమును నిలిపినవి. కొంతకాలమునకు బ్యాంకు, ఆర్థిక సంస్థలలో పనిచేసిన చార్టర్డ్ అకౌంటెంటు యండమూరి వీరేంద్రనాథ్ వంటివారు ఉద్యోగము విడిచి రచనపై నిలువగలిగిరి. కాని అట్టివారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. దూరదర్శను ఇండ్లలోనికి వచ్చిన పిదప ఆ వారపత్రికల వైభవము క్రమముగా తగ్గినది. నేడు కూడ తెలుగు కథకులలో అత్యధికులు జీతముపై బ్రతుకువారే.

వృత్తిగా వ్రాయుటయన ఉద్యోగము వదలుట అని అర్థము కాదు. పనిగా నియమముతో వ్రాయుట, వ్రాసినదానిని తగిన పత్రికకు పంపుట, తిరిగివచ్చినచో దిద్ది మరల పంపుట, పారితోషికమును సిగ్గుపడక స్వీకరించుట. ఇదియే దాని అర్థము. ఈ విషయమున ఆంగ్లనవలాకారుడు ఆంటొనీ ట్రాలప్ మనకు సన్నిహితుడు. ఆయన 1834 నుండి 1867 వరకు తపాలాశాఖలో ఉద్యోగి. ఉదయము 5.30కే బల్లముందు కూర్చుండి, పావుగంటకు 250 మాటల చొప్పున గడియారము ఎదుట పెట్టుకొని వ్రాసి, ఫలహారము చేసి ఆఫీసునకు పోవుచుండెను. తనను వేకువన లేపుటకై సేవకునకు ఏడాదికి అయిదు పౌనులు అదనముగా ఇచ్చుచుండెను. తనిఖీలకై తిరుగునప్పుడు రైలుపెట్టెలో ఒడిలో పలక పెట్టుకొని పెన్సిలుతో వ్రాసెను. ‘బార్చెస్టర్ టవర్స్’ నవలలో పెద్దభాగము అట్లు వ్రాసినదే. ఈవిధముగా 47 నవలలు పూర్తియైనవి. ఆయన ఈ సంగతులను 1883లో వెలువడిన ఆత్మకథలో దాచక చెప్పగా, కవితావేశమును గడియారముతో కొలిచెనని కొందరు చులకన చేసిరి. నవలలు మాత్రము నేటికిని చదువబడుచున్నవి.

అందరును అంత విస్తారముగా వ్రాయనక్కరలేదు. విశాఖపట్టణమున బడిపంతులుగా మూడు దశాబ్దములు పనిచేసిన కాళీపట్నం రామారావుగారు వ్రాసినది స్వల్పము. ‘యువ’ పత్రికలో వెలువడిన ‘యజ్ఞం’ ఒక్కటియే దశాబ్దముల చర్చకు ఆధారమైనది. 1995లో అకాడమీ పురస్కారము పొందిన పిమ్మట 1997లో శ్రీకాకుళమున వారు కథానిలయము స్థాపించి, తెలుగు కథలన్నింటిని ఒకచోట సేకరింప పూనుకొనిరి. మన పూర్వుల జిల్లాలోనే ఆ భవనమున్నది. సెలవులకు స్వగ్రామము పోవువారు ఒకపూట అచ్చట గడిపినచో, ఎందరు గుమాస్తాలు, ఎందరు పంతుళ్ళు అందులో రచయితలై యున్నారో కన్నులార చూడవచ్చును.

చివరకు మరల మన ఊరికి వత్తము. రాయపూరు వ్యవసాయకళాశాలలో ఉపన్యాసకులైన వినోద్‌కుమార్ శుక్ల 1979లో ‘నౌకర్ కీ కమీజ్’ అను నవల ప్రకటించిరి. అధికారి తన ఇంటి నౌకరు కొరకు కుట్టించిన చొక్కా ఒక చిన్న గుమాస్తా ఒంటికి సరిపోవుటయే అందలి కీలకము. ఛత్తీస్‌గఢములోని ఆఫీసు గుమాస్తా బ్రతుకు ఆ విధముగా హిందీ సాహిత్యమున శాశ్వతమైనది. అంతకు పూర్వమే, 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అను కావ్యకథలో రవీంద్రుడు మన బిలాస్‌పూరు స్టేషనును చిరస్మరణీయము చేసెను. బండి మారుటకై దంపతులు ఇచ్చట ఆరు గంటలు వేచియుందురు. ఆ వేచియుండుటలో ఒక పేద స్త్రీ విషయమై భార్యకు ఇచ్చిన మాట, దానిని తప్పిన భర్త పశ్చాత్తాపము కథయైనవి.

ఆరు గంటల విరామము వంగసాహిత్యమునకు ఒక కావ్యమునిచ్చినది. మనవారు తరతరములుగా ఇచ్చట కాపురమున్నారు. ఎండలో పట్టాలు సరిచేసిన తాత, లోకోషెడ్డులో బొగ్గుమసితో ఇల్లు చేరిన తండ్రి, సంక్రాంతికి సెలవు దొరకక క్వార్టరు ముంగిటనే ముగ్గువేసిన తల్లి, ఇంట తెలుగు మాటాడి బడిలో హిందీ చదువు మనుమరాలు. వీరి కథకు తెలుగున చాలినంత చోటు ఇంకను దొరకలేదు. హైదరాబాదు రచయిత వచ్చి ఈ కథ వ్రాయడు; వానికి ఇది తెలియదు. తెలిసినవారము మనము. పాతతరము వెడలిపోవుచున్నది, వారి జ్ఞాపకములు వారితోడనే పోవును.

తీరిక దొరకదు. గురజాడవారికి దొరకలేదు, ట్రాలప్‌నకు దొరకలేదు, పెండ్రాలో సప్రేకును దొరకలేదు. వారు దినములో ఒక భాగమును ముందుగానే తీసి పక్కన పెట్టుకొనిరి. మిగిలినది ఆఫీసునకు, ఇంటికి ఇచ్చిరి. కావున వచ్చు సంవత్సరము సంచిక కొరకు సంపాదకులు తలుపు తట్టినప్పుడు, రోజునకు అరగంట చొప్పున వ్రాసిన కొన్ని కాగితములు మీ బల్లపై సిద్ధముగా ఉండుగాక. అవి తప్పులతో నున్నను ఫరవాలేదు. దిద్దుటకు గురజాడవారికి పండ్రెండేండ్లు పట్టినది.